తీతువు గూడూ మా పరుగుపందేలూ

మా సంఘం తొక్కిన గుడ్డు ఒకటి. నాలుగింటిలో ఒకటి. దాన్ని దాచిపెట్టి మిగతాది చెప్పే ఉద్దేశం నాకు లేదు. పాపం ఒప్పుకోకుండా సాక్ష్యం చెప్పకూడదని చిన్నప్పుడు మెదక్‌లో మా తాత నేర్పాడు. ఆయన ఊరూరా తిరిగి వాక్యం చెప్పిన ఉపదేశి. అయితే ఒప్పుకున్న తర్వాత జీవితాంతం తల దించుకుని కూర్చోమని మాత్రం ఆయన ఎన్నడూ చెప్పలేదు.

మా చర్చి అబిడ్స్‌లో, పెద్దరోడ్డు నుంచి ఒక సందు లోపలికి ఉంటుంది. నాకు సుల్తాన్ బజార్‌లో స్కూలు యూనిఫారాలు కుట్టే దుకాణం ఉంది. ఏటా ఏప్రిల్ చివర్లో, యూనిఫారాల గిరాకీ మొదలయ్యేలోపు, చర్చిలో పిల్లలకు పదిరోజుల వేసవి పాఠశాల పెడతాం. పాటలు, వాక్యం, కంఠస్థం, ఆటలు. దాని బాధ్యత చాలా ఏళ్లుగా నాదే. వచ్చేది నాంపల్లి, చాదర్‌ఘాట్ సందుల్లోని పిల్లలు. ఒక గది, ఒక వంటమూల ఉన్న కిరాయి ఇళ్లు వాళ్లవి. ఇంటి ముందు పరిగెత్తుదామంటే ఆటో వస్తుంది, ఆటో పోతే బండి వస్తుంది. మా చర్చి ఆవరణలో ఒకప్పుడు వాలీబాల్ ఆడేవాళ్లం. ఇప్పుడక్కడ విశ్వాసుల కార్లు నిలబడతాయి.

అందుకని ఆటలకు సర్కారు తోటకి వెళ్తాం. నాంపల్లి స్టేషన్ నుంచి నడిచే దూరంలో ఉంటుంది. అర్జీ పెట్టి అనుమతి తీసుకుని, పొద్దున ఆరున్నరకి అరవై మంది పిల్లలను ఇద్దరిద్దరుగా నడిపించుకుంటూ పోతాం. ఎనిమిదిన్నరకల్లా తిరిగి చర్చికి చేరతాం. ఆ తోటలో, పచ్చికకు అవతల, గడ్డి సరిగా మొలవని ఒక కంకర నేల ఉంది. దాన్ని ఎవరూ పట్టించుకోరు. నడకకి వచ్చేవాళ్లకు వాళ్ల బాట ఉంది, ఫొటోలు దిగేవాళ్లకు పూలమడులు ఉన్నాయి. ఆ బోడినేల మాత్రం పిల్లలదని మేం అనుకునేవాళ్లం.

మొదటిరోజు అక్కడే గుండ్రంగా నిలబడ్డాం. ఆటకు ముందు ప్రార్థన మా పద్ధతి. చేతులు పట్టుకుని, కళ్లు మూసుకుని. ప్రార్థన మధ్యలో కళ్లు తెరిచే పిల్లల్ని నేనే ఎన్నోసార్లు మందలించాను. ఆరోజు ప్రార్థన చేసింది మా సంఘ పెద్దల్లో ఒకాయన. ఆయన గొంతుకి మైకు అక్కరలేదు. ఆయన మొదలుపెట్టగానే మా తలల మీద ఒక పిట్ట అరవసాగింది. మామూలు అరుపు కాదు. మీది నుంచి కిందికి దూకుతూ, నెత్తికి జానెడు దూరం నుంచి లేచిపోతూ, మళ్లీ దూకుతూ, ఒకటే అరుపు. తీతువు. దాని కూత ఇంటిమీద వినబడితే చావు కబురు వస్తుందని జనం భయపడతారు. మేం శకునాలు నమ్మం. కానీ నమ్మకపోవడానికి మాకు మా పద్ధతి ఉంది.

"ప్రభువా, ఈ ఆరాధనను చెడగొట్ట వచ్చిన ఈ అరుపును నీ నామంలో గద్దిస్తున్నాం!" అని పెద్దాయన గొంతు పెంచాడు. పిట్ట ఇంకా పెంచింది. ఆయన ఇంకా పెంచాడు. చిన్నపిల్లలు భయపడి ఒకళ్ల మీద ఒకళ్లు పడుతుంటే, నేను కళ్లు తెరవకుండానే, "చేతులు వదలకండి, అందరూ జర వెనక్కి జరగండి, గుండ్రం పెద్దగ చేయండి" అన్నాను. అని నేనూ ఒక అడుగు వెనక్కి వేశాను.

మడమ కింద చిన్న చప్పుడు. తడి.

కళ్లు తెరిచి చూస్తే, చుట్టూ గులకరాళ్లు పేర్చుకున్న అరచేతంత గుంట. మట్టిరంగు మీద నల్లమచ్చల గుడ్లు మూడు, సన్నటి కొసలు లోపలికి పెట్టుకుని ఉన్నాయి. నాలుగోది నా చెప్పుకి అంటుకుని ఉంది.

దూరంగా ఆకులు ఊడుస్తున్న తోటపని అమ్మ చీపురు పట్టుకునే వచ్చింది. చీర మీద ఆకుపచ్చ కోటు, నెత్తికి తువ్వాలు. వంగి చూసింది. మమ్మల్ని తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"కండ్లు మూసుకోని మొక్కుతున్రు మీరు. గది పిల్లల కోసం మొత్తుకుంటున్నది. దేవుడు ఎవలి మొర ఇనాలె అమ్మా?"

పెద్దాయన ఆమెన్ చెప్పకుండానే ప్రార్థన ఆగిపోయింది. నాకు తెలిసినంతవరకు ఆయన ప్రార్థన అలా ఆగడం అదే మొదటిసారి.

ఆ సాయంత్రం దుకాణంలో యూనిఫారం గుడ్డల అంచు పీలికలు ముడివేసి పొడుగైన తాడు పేనాను. నీలం, తెలుపు, మెరూన్. మర్నాడు వెదురుపుల్లలు నాటి, గూడు చుట్టూ ఇరవై అడుగుల దూరంలో ఆ తాడు కట్టాను. తాడు దాటినవాళ్లు ఎవరైనా సరే ఆటలోంచి బయటికే అని పిల్లలకు చెప్పాను. వాళ్లు ఇట్టే ఒప్పుకున్నారు. ఒప్పుకోనిది నిన్న ప్రార్థన చేసిన పెద్దాయనే.

"ఏంది సిస్టర్ ఇది? పదో రోజు పరుగుపందేలున్నయి. తల్లిదండ్రులొస్తరు. నడిమిట్ల మీ తాడు పెడితే పిల్లలు యాడ ఉరకాలె?"

"చుట్టు తిరిగి ఉరుకుతరు, బ్రదర్."

"పిట్ట కోసమా?"

"దారిల నేల మీద పిట్టగూడు కనబడితే, గుడ్ల మీద తల్లి కూసొని ఉంటే ఏం చెయ్యాల్నో ధర్మశాస్త్రంలనే ఉంది కదా. తల్లి జోలికి పోవద్దని."

"గది పాత నిబంధన, సిస్టర్."

"దొంగతనం చెయ్యొద్దని కూడ గండ్లనే ఉంది. మరి చేద్దామా?"

పక్కన ఉన్న సండేస్కూలు టీచర్లు నవ్వు ఆపుకోలేకపోయారు. ఆయనకు కోపం వచ్చింది. భూమిని లోబరచుకోమని, ఏలమని దేవుడే చెప్పాడు కదా అన్నాడు. చెప్పాడు. కానీ ఆ మాట చెప్పినవాడే మొదటి మనిషిని తోటలో పెట్టినప్పుడు సేద్యం చేయమన్నాడు, కాపాడమన్నాడు. కాపలాకి ఉన్నవాడు తోట నాదే అనుకుని తొక్కితే దాన్ని ఏలుబడి అనరు. ఆ మాట ఆయనతో అన్నాను, గట్టిగానే అన్నాను. సంఘంలో ఆడవాళ్లు సంఘ పెద్దతో అంత గట్టిగా మాట్లాడరు. కానీ ఆయన చెప్పుకి గుడ్డు అంటుకోలేదు, నా చెప్పుకి అంటుకుంది.

మొదటి నాలుగు రోజులు ఇంటిపోరు. అసలు పోరు అయిదో రోజున మొదలైంది.

పొద్దున మేం వెళ్లేసరికి చిన్నగేటుకి గొలుసు, తాళం. పక్కన కాగితం. పక్షుల రక్షణ నిమిత్తం పిల్లల బృందాలకు ప్రవేశం లేదు. పెద్దగేటు మాత్రం ఎప్పటిలాగే బార్లా తెరిచి ఉంది. నడకవాళ్లు లోపలికి పోతూనే ఉన్నారు. కొందరి వెంట కుక్కలు. లోపల చెట్లకింద ఎవరిదో స్పీకరులోంచి పాట. కంకర నేలకు కొద్దిదూరంలో, ఆ నేలమీద వ్యాయామ యంత్రాలు బిగించాలని ఎప్పటినుంచో తిరుగుతున్న నడకవాళ్ల నాయకుడు నిలబడి ఉన్నాడు. పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. తెల్లటి బూట్లు. చేతిలో విప్పేసిన కుక్క గొలుసు, కుక్కేమో ఎటో తిరుగుతోంది.

అరవై మందిని గోడ వెంట నీడలో కూర్చోబెట్టి, టీచర్లను కాపలా ఉంచి, నేను లోపలికి వెళ్లాను.

"గుడ్ మార్నింగ్ మేడమ్. ఆఫీసు వాళ్లు మంచి పని చేసిన్రు. పక్షి ఉంది కదా," అన్నాడు ఆయన.

"ఔ సార్, ఉంది. మరి మీ కుక్కకు ఆ సంగతి ఎవరు చెప్తరు?"

"మా కుక్క ఏం చెయ్యదు. గుడ్డు పగలగొట్టింది మా కుక్క కాదు కదా. మీ వాళ్లే కదా. ఇప్పుడు తాళ్లు కట్టి పక్షిప్రేమ చూపిస్తే ఎట్ల మేడమ్?"

"మా వాళ్లు కాదు. నేనే. ఈ కాలే. అందుకే తాడు కట్టింది కూడ నేనే. మీ కుక్కను పట్టుకోండి సార్."

"ఇది పబ్లిక్ ప్లేస్ అమ్మా."

"పబ్లిక్‌దే. గందుకే పట్టుకోమంటున్న."

కుక్క తాడు వైపు పోతోంది. తీతువు లేచి దాని నెత్తిమీద దూకింది. ఆయన ఈల వేశాడు, కుక్క వినలేదు. చివరికి తెల్లబూట్లతో కంకరలో పరిగెత్తి పట్టుకున్నాడు. నాకు నవ్వు రాలేదు. తల్లి లేచిపోయిన ఆ కాసేపూ ఎండ గుడ్లమీద పడుతోంది. దగ్గరి చెట్టుమీద రెండు కాకులు మెడలు సాచి చూస్తున్నాయి.

అక్కడినుంచి తోట ఆఫీసుకి వెళ్లాను. అధికారి నన్ను కూర్చోమన్నాడు. చెడ్డవాడు కాదు. అలసిపోయినవాడు.

"నడకవాళ్లు రాసిచ్చిన్రమ్మా. మీ పిల్లలవల్ల పక్షికి హాని అయిందని. అబద్ధమా?"

"నిజమే సార్."

"మరింక ఏంది?"

"పక్షికోసం తోట మూస్తే మూయండి. అందరికీ మూయండి. సంతోషంగ వెనక్కి తోలుకపోత. అరవై మందికి నేనే నచ్చజెప్పుకుంట. కానీ బూట్లున్న కాళ్లకు తెరిచి, చెప్పులున్న కాళ్లకు మూస్తే మాత్రం నేను పోను."

నాకు లోపల ఉడుకుతోంది. భూమికి విశ్రాంతి ఇవ్వమన్నది మేం పుట్టించిన మాట కాదు, ఇప్పటి మాట కూడా కాదు. ఏడో ఏట పొలాన్ని విడిచిపెట్టమని దేవుడు తన ప్రజలకు ఆజ్ఞ ఇచ్చాడు. చిన్నప్పటినుంచి చదువుతున్నాను. కానీ ఆ ఆజ్ఞలోనే ఉంది, విడిచిన పొలంలో మొలిచింది బీదలు తినాలని, వాళ్లు తినగా మిగిలింది అడవిజంతువులు తినాలని. విశ్రాంతి అంటే గేటుకి తాళం వేసి, లోపల కలిగినవాళ్లు అనుభవించడం కాదు. బీదవాడికీ మృగానికీ ఒకే వాక్యంలో చోటిచ్చిన దేవుణ్ణి నేను నమ్ముతాను. పిట్టను అడ్డం పెట్టుకుని పిల్లల్ని గెంటేవాళ్లకీ, పిల్లల్ని అడ్డం పెట్టుకుని పిట్టను తొక్కేవాళ్లకీ ఆయన ఒకే జవాబు చెప్తాడు.

ఇదంతా ఆఫీసులో అనలేదు. అక్కడ అన్నది పనిమాట. తాడు అలాగే ఉంటుంది. మా పరుగు దారి వంపు తిప్పుకుంటాం. ఈలలు, డప్పు, కేకలు ఉండవు. తోటలోకి వచ్చే కుక్కలన్నీ గొలుసుతోనే ఉండాలి, ఎవరివైనా సరే. మేం ఉన్నంతసేపు ఇద్దరు టీచర్లు కాకుల్ని చూసుకుంటారు.

అధికారి కాసేపు కాగితం మీద పెన్ను తిప్పాడు. "పదోరోజు దాకా చూస్త. కానీ అమ్మా, ఇంకొక్క గుడ్డు పోయిందంటే మీ పర్మిషన్ పోయినట్టే. ఈ ఏడు కాదు, ఇగ ఎప్పటికీ."

సరే అన్నాను. మూడు గుడ్లు, అరవై మంది పిల్లల నేల, రెండూ ఒకే తాడులో పడ్డాయి. తాళం తీశారు.

ఆ తర్వాతి రోజుల్లో నేను ఆ పిట్టను చూసినంతగా ఏ ప్రాణినీ చూసి ఉండను. ముఖం మీద ఎర్రటి తోలు, పొడుగాటి పసుపు కాళ్లు. ఎండ ముదిరితే నీళ్లకుళాయి కింద నిలిచిన మడుగుకి పోయి, పొట్టను నీళ్లలో నానబెట్టుకుని, చుక్కలు కారుతుండగా గబగబా నడిచివచ్చి గుడ్లమీద కూర్చునేది. తల్లి పోతే తండ్రి, తండ్రి పోతే తల్లి. చల్లదనాన్ని ఒంటిమీద మోసుకొచ్చి పిల్లలకు ఇవ్వడం! పిల్లలను తాడుకి ఇవతల వరసగా కూర్చోబెట్టి చూపించాను. ఆరోజు కంఠస్థవాక్యం నేర్పలేదు. "టీచర్, దానికి ఎవరు నేర్పిన్రు?" అని ఒక పాప అడిగింది. "నీకు ఊపిరి పీల్చుడు నేర్పినాయనే" అన్నాను. పెద్దాయన వెనక నిలబడి వింటున్నాడు. మర్నాడు మొజంజాహీ మార్కెట్ నుంచి పిల్లలకు కర్బూజాలు తెచ్చినప్పుడు, తొక్కలు అక్కడ పడేస్తే కాకులు చేరతాయని తనే ఏరి సంచిలో వేసుకున్నాడు.

పదోరోజు తల్లిదండ్రులు వచ్చారు. చప్పట్లు వద్దని, చేతులు ఊపమని ముందే చెప్పాం. పందెం మొదలుపెట్టడానికి ఈల లేదు. పెద్దాయన చేతిరుమాలు పైకెత్తి కిందికి వదిలేవాడు. అంతమంది జనం ఉండి అంత నిశ్శబ్దంగా జరిగిన ఆటలు నేను చూడలేదు. అడుగుల చప్పుడు, పిల్లల రొప్పు, చేతులు ఊపుతూ నోరు మూసుకుని గెంతుతున్న తల్లులు.

మొదటి పందెం అవగానే ఒక తండ్రి లోగొంతుకతో నా మీదికి వచ్చాడు. కేకలు వద్దన్నామని గుసగుసగానే పోట్లాడాడు.

"టీచరమ్మా, గిదేం లెక్క? నా బిడ్డను బయటి గీతల నిలబెట్టిన్రు. వంపుల తిరిగేకాడ బయటోళ్లకు దూరం ఎక్కువైతలేదా?"

చూశాను. నిజమే. తిన్నని దారికి గీసినట్టే, పరుగు మొదలయ్యే చోట అందరికీ ఒకే గీత గీశాను. కాలరు బయటి అంచు లోపలి అంచుకన్నా పొడుగని రోజూ కత్తెరతో కత్తిరించే మనిషిని నేను. ఆ సంగతి నాకే తట్టలేదు. తప్పు నాదని అందరిముందు చెప్పి, టేపు తెప్పించి, బయటి గీతలవాళ్లను ముందుకు జరిపి, పందెం మళ్లీ పెట్టించాను. ఆ తండ్రి బిడ్డ రెండోసారి కూడా మూడోదిగానే వచ్చింది. "ఇప్పుడు ఓకే" అన్నాడు ఆయన.

పిల్లలు వెళ్లిపోయారు. మూడు గుడ్లూ ఉన్నాయి. అధికారి స్వయంగా వచ్చి చూసి వెళ్లాడు.

పాఠశాల అయిపోయినా నేను పొద్దున దుకాణం తెరిచేముందు పోయి చూస్తూనే ఉన్నాను. ఒకరోజు గుంటలో ఒకే ఒక గుడ్డు ఉంది. తోటపని అమ్మ చీపురుతో దూరంగా చూపించింది. "గాడ చూడమ్మా. కదలకు." చాలాసేపు నాకు రాళ్లే కనబడ్డాయి. తర్వాత ఒక రాయి లేచి నడిచింది. దాని పక్కన ఇంకొకటి. ఇద్దరు పిల్లలు, గోళీలంత తలలు, అగ్గిపుల్లల్లాంటి కాళ్లు. తల్లి కూత వినగానే మళ్లీ రాళ్లయిపోయారు. నోటికి ప్రార్థన రాలేదు. కళ్లు తెరుచుకునే ఉన్నాను.

మూడో గుడ్డు పొదగలేదు. వారం తర్వాత కూడా అలాగే ఉంది, పగులు లేకుండా, చల్లగా. ఎవరూ దాన్ని తొక్కలేదు, ఏ కాకీ ముట్టలేదు. మొదటిరోజు మేం చేసిన గోలకి తల్లి లేచిపోయిన ఆ కాసేపట్లోనే అది చచ్చిపోయిందేమో నాకు తెలియదు. కుక్క వచ్చినరోజేమో అదీ తెలియదు. కొన్ని గుడ్లు పొదగవు, అంతే, అంది తోటపని అమ్మ.

నడకవాళ్ల నాయకుడు మాత్రం లెక్క పెట్టాడు. మూడింటిలో ఒకటి పోయింది కదా, షరతు షరతే కదా అని మళ్లీ రాసిచ్చాడు. కొద్దిరోజులకి మా చర్చి చిరునామాకి ఉత్తరం వచ్చింది. ఒక గుడ్డు నష్టమైనందున ఇకముందు పిల్లల బృందానికి అనుమతి ఇవ్వబడదు. సంఘ కమిటీలో చదివి వినిపించారు. పాస్టరుగారు ప్రార్థనలో పెడదామన్నారు. ప్రార్థనలో పెట్టాం. అందరూ నావైపు చూశారు, ముఖ్యంగా పెద్దాయన.

"ఏం చేద్దామంటరు సిస్టర్?"

"రాస్త, బ్రదర్."

"గట్టిగనే రాయండి," అన్నాడు.

రాశాను. మొదటి గుడ్డు తొక్కింది నేనే, మీ ఆఫీసులో అడిగినరోజే ఒప్పుకున్నాను. మూడోది ఎవరూ తొక్కలేదు, తోటపనివాళ్లను అడగండి. రెండు పిల్లలు ఆ కంకరలో తిరుగుతున్నాయి, వచ్చి చూడండి. ఆ నేలమీద యంత్రాలు బిగిస్తే మూడు గుడ్లు కాదు, ఇక ఏ గుడ్డూ ఉండదు. వచ్చే ఏప్రిల్లో పిల్లలతో వస్తాం. తాడు తెస్తాం. ముందురోజు కళ్లు తెరుచుకుని నేలంతా వెతికి, గూడు ఎక్కడుంటే అక్కడ కడతాం. తోట అందరికీ మూసి ఉంటే తిరిగిపోతాం. ఒక్కరికి తెరిచి ఉన్నా లోపలికి వస్తాం.

తోట ఆఫీసు గుమాస్తా ఆ కాగితం రెండుసార్లు చదివాడు. కళ్లద్దాలు తీసి నన్ను చూశాడు.

"అమ్మా, గిండ్ల పర్మిషన్ అడిగినట్టు యాడ లేదు కదా?"

"లేదు."

"మరి గిది అర్జీ ఎట్లయితది? ఏమని రాసుకోవాలె?"

"ముందుగాల చెప్తున్న, గంతే. ముద్ర కొట్టి నకలు ఇయ్యండి సార్."

ఆయన లోపలి గది తలుపు వైపు చూశాడు. తలుపు మూసి ఉంది. ముద్ర తీసి, ఒకసారి ఊది, నా నకలు మీద కొట్టాడు.